నాలుగిళ్ల పిల్లలు.. ఒక మంచువాలు

సంక్రాంతి సెలవులిచ్చే నాటికి సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి నాట్లు ఊపందుకుంటాయి. మాడుగులపల్లి నుంచి మిర్యాలగూడ దాకా రోడ్డుకు రెండు పక్కలా దమ్ము చేసిన మళ్లు, గట్ల మీద నారు కట్టలు. ఇళ్లల్లో సకినాల పిండి, అరిసెల పాకం. ఆ సందడిలోనే కొన్ని ఇళ్లల్లో ఇప్పుడు ఇంకో సర్దుడు కూడా నడుస్తోంది. ఉన్ని టోపీలు, పిల్లలకు రెండేసి జతల చేతి తొడుగులు, దగ్గు మందు, చిన్న ప్రెషర్ కుక్కర్. "పండుగకు ఇంట్ల లేకుండ పోవుడేంది?" అని నాయనమ్మలు గొణుగుతూనే సకినాల డబ్బా తెచ్చి బ్యాగులో పెడతారు. మిర్యాలగూడ, మాడుగులపల్లి వాళ్లు అద్దంకి రోడ్డు మీద టోల్‌గేటు దాటుకుని, కోదాడ, సూర్యాపేట వాళ్లు విజయవాడ హైవే మీద బయల్దేరి నార్కట్‌పల్లి దగ్గర కలుసుకుంటారు. అక్కణ్నుంచి అందరి దారీ శంషాబాద్‌కే. ఒకటి రెండు రోజుల్లో మనాలీలోనో గుల్‌మర్గ్‌లోనో ఉంటారు.

వెళ్లేది ఒక్క కుటుంబం కాదు. అన్నదమ్ములు, తోడల్లుళ్లు, లేదంటే పిల్లలు ఒకే బళ్లో చదువుతున్న స్నేహితులు. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిస్తే పిల్లలే పదిమంది తేలతారు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ చూసే ప్రాంతం మనది. ఇక్కడి పిల్లలకు మంచంటే ఫ్రిజ్‌లో పేరుకున్న గడ్డ, సినిమా పాటలో కనిపించే కొండ. కాస్త వీలున్నవాళ్లకు 2004లో హైదరాబాద్‌లో తెరిచిన స్నో వరల్డ్. అట్లాంటి పిల్లలు నిజమైన మంచు మీద కాలు పెట్టబోతున్నారంటే, ఆ కొద్ది రోజుల్ని ఎట్లా వాడుకుంటున్నామన్నది చిన్న విషయం కాదు.

రెండు గంటల మంచు

మన దగ్గర ప్యాకేజీ టూర్లు ఎట్లా ఉంటాయో తెలిసిందే. ఆరు రోజుల్లో సిమ్లా, కుఫ్రి, కులు, మణికరణ్, మనాలీ, తిరుగు దారిలో చండీగఢ్ రాక్ గార్డెన్. ఇన్నింటిలో మంచుకు దక్కేది ఒక పూట. సోలాంగ్ దారిలో వరసగా ఉండే దుకాణాల ముందు బస్సు ఆపి అద్దె కోట్లు, గమ్ బూట్లు తొడిగిస్తారు. పదిమంది పిల్లలకు సైజులు కుదిరేసరికే గంట గడిచిపోతుంది. మంచు దగ్గరికి చేరాక టైరు మీద ఒక జారుడు, జడలబర్రె పక్కన ఒక ఫొటో, ఒక ప్లేటు మ్యాగీ. ఈలోగా చేతి తొడుగులు తడిసి వేళ్లు కొంకర్లు పోతాయి. చిన్నవాళ్లు ఏడుపు లంకించుకుంటారు. అటు డ్రైవరు హారన్ కొడుతుంటాడు.

ఒకసారి మేమూ అట్లాగే తిరిగొచ్చాం. ఏ ట్రావెల్స్ వాళ్లన్నది ఇక్కడ అనవసరం, అందరివీ దాదాపు అవే ప్రణాళికలు. వచ్చాక పిల్లల్ని ఏం బాగుందని అడిగితే ఎక్కువమంది హోటల్ గదిలో దిండ్లతో కొట్టుకోవడం గురించి చెప్పారు. అంత దూరం, అంత ఖర్చు పెట్టి వెళ్తే పిల్లల మనసులో మంచు అనేదే మిగల్లేదు.

అందుకే ఈ ప్రయాణాల గురించి నాకు గట్టిగా చెప్పాలనిపించేది ఒక్కటే. ఊళ్లు తగ్గించండి, రోజులు పెంచండి. సిమ్లా వద్దు, మణికరణ్ వద్దు. ఒకే చోట బస చేసి కనీసం మూడు రోజులు ఒకే వాలు మీదికి పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్ల కాళ్లకు స్కీలు కట్టించండి. చూసి రావడానికైతే మంచు ఫోన్‌లో కూడా కనిపిస్తుంది. దాని మీద నిలబడటం, పడటం, మళ్లీ లేవడం అక్కడికి పోతేనే దొరుకుతాయి. అందుకు వ్యవధి కావాలి. మొదటి రోజంతా చలికీ భయానికీ పోతుంది. రెండో రోజు కాళ్లు మాట వింటాయి. మూడో రోజు పిల్లల్ని వాలు మీద నుంచి పిలుచుకు రావడమే కష్టమవుతుంది.

వాలు మీద

సోలాంగ్ మనాలీకి 13 కిలోమీటర్లు, ఎత్తు 2,560 మీటర్లు. దిగువన వెడల్పాటి పల్లపు మైదానం, దాని పైన దేవదారు చెట్ల మధ్య లేచే కొండ. నేర్చుకునే పిల్లలకు కావాల్సింది ఆ దిగువ భాగమే. తర్వాతిసారి వెళ్లినప్పుడు అక్కడ మా గుంపు పిల్లల్ని పక్కనే నిలబడి చూశాను.

ముందు బూట్లు. స్కీ బూటు మామూలు బూటు కాదు, గట్టి ప్లాస్టిక్ చిప్ప. మడమ కదలకూడదు, పిక్క ముందుకు వంగేట్టు బిగించాలి. చీలమండ పైన బకిల్ పడేసరికి కోదాడ నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల పాప "అత్తా, కాలు ఇరుక్కపోయింది, తీసెయ్యి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చూస్తే లోపల రెండు జతల మేజోళ్లు, వాటి మీద ప్యాంటు మడత. చలికి భయపడి తల్లే వేసింది. ఒక జత తీసేసి, మడత పైకి లాగి, పలచటి ఉన్ని మేజోడు ఒక్కటే ఉంచగానే బూటు సరిగ్గా పట్టింది. బూటులో పిల్లలు పడే బాధ చాలా మటుకు ఆ మడతల దగ్గరే ఉంటుంది. మందం పెరిగితే రక్తం ఆడక కాలు ఇంకా చల్లబడుతుందని అక్కడి దుకాణదారు చెప్పాడు.

తర్వాత స్కీలు. పిల్లలకైతే నిలబెట్టినప్పుడు గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చేంత పొడవు చాలు. బూటు ముందు భాగం స్కీ మీదుండే పట్టులో, అంటే బైండింగ్‌లో పెట్టి మడమతో కిందికి తొక్కితే టక్కున పడుతుంది. పాపకు నేర్పడానికి వచ్చిన కుర్రాడు పక్క ఊరివాడు. మొదటి గంటంతా ఒక్క కాలికే స్కీ కట్టి చదునైన చోట తోయించాడు. తర్వాత రెండో కాలికి. ఆ తర్వాత పక్కవాటుగా నాలుగడుగులు వాలు ఎక్కించి, కావాలని పడేయించాడు. పడ్డాక స్కీలు రెండూ వాలుకు అడ్డంగా తిప్పుకుంటే తప్ప లేవలేరు. అది చేతకాక సూర్యాపేట పిల్లాడు మూడుసార్లు కూర్చున్నచోటే జారిపోయాడు. మన దగ్గర బావిలో ఈత నేర్పేటప్పుడు ముందు నీళ్లంటే భయం పోగొడతారు, బారలు తర్వాత. ఇక్కడా వరస అదే. పడటమంటే భయం పోయాకే జారడం.

ఆగడం నేర్పే ఘట్టం చూడదగ్గది. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరానికి. పైనుంచి చూస్తే తిరగేసిన 'వి'. మోకాళ్లు కొంచెం లోపలికి వంచి మడమలు బయటికి తోస్తే స్కీ అంచు మంచును కోస్తూ వేగం తగ్గిస్తుంది. ఆ కుర్రాడు పాప ఎదురుగా నిలబడి, ఆమె స్కీ కొనలు రెండూ చేత్తో పట్టుకుని, తాను వెనక్కి నడుస్తూ "ఘుట్నా మోడో, ఘుట్నా" అంటుంటే, పాప తన బళ్లో నేర్చిన హిందీలో "మోడా భయ్యా, మోడా" అని అరుస్తోంది. నాలుగోసారికి అతను చేతులు వదిలేశాడు. పది గజాలు తనే వచ్చి, తనే ఆగింది. కింద నిలబడ్డ నాలుగిళ్ల తల్లిదండ్రులు ఒక్కసారిగా కేకలేశారు. మూడు నెలల ముందు నుంచీ "స్కీయింగ్ గీయింగ్ మనకెందుకు, కాలు ఇరిగితే?" అంటూ వచ్చిన వాళ్ల బాపు మారుమాట లేకుండా పోయి తనకూ ఒక జత అద్దెకు తెచ్చుకున్నాడు.

నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఈ పనికి పెట్టకూడదని నా అభిప్రాయం. వాళ్లకు చిన్న స్లెడ్జ్ బండి, మంచు ముద్దలు, గంటకోసారి లోపల వెచ్చటి చోట పాలు. అంతే చాలు. ఆరేళ్లు దాటినవాళ్లకు స్కీలు. తలకు హెల్మెట్ ఇవ్వలేని దుకాణంలో పిల్లలకు స్కీలు తీసుకోవద్దు. ఇది బేరమాడే విషయం కాదు. అద్దె గంటకా రోజుకా, నేర్పే మనిషి ఎంతసేపు ఉంటాడు, ఎంతమంది పిల్లలకు ఒకడు అన్నది స్కీలు కట్టకముందే తేల్చుకోవాలి. నలుగురికి మించి ఒకడి చేతిలో పెడితే నేర్పడం ఉండదు, కాపలా మాత్రమే ఉంటుంది.

మంచు మన సెలవుల్ని చూసి పడదు

ఇక్కడే అసలు చిక్కుంది. స్కీయింగ్‌కు మంచి మంచు జనవరి చివర నుంచి మార్చి మొదటి వారాల దాకా. ఆ సమయంలో మన పిల్లలకు పరీక్షల హడావుడి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు, ఏప్రిల్ ఆఖర్లో సెలవులు. సెలవులిచ్చేసరికి సోలాంగ్‌లో గడ్డి మొలుస్తుంది. మేలో మంచు కావాలంటే 3,978 మీటర్ల ఎత్తున్న రోహతాంగ్ కనుమ ఎక్కాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాల తర్వాత అక్కడికి రోజుకు పెట్రోలు బండ్లు 800, డీజిల్ బండ్లు 400 అని లెక్క పెట్టారు, పర్మిట్ తప్పనిసరి. వెళ్లినా దొరికేది ఆడుకునే మంచే, స్కీయింగ్ నేర్చుకునే వాలు కాదు. కాబట్టి మన పిల్లలకు మిగిలిన వీలు సంక్రాంతి ఒక్కటే.

ఆ సంక్రాంతికి మంచు పడి ఉంటుందా అంటే, ఈ మధ్య గ్యారంటీ లేదు. హిమాలయాల్లో చలికాలపు మంచు మన రుతుపవనాలది కాదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు తెచ్చేది. అవి రాకపోతే కొండలు బోడిగానే ఉంటాయి. 2024 జనవరిలో గుల్‌మర్గ్ పచ్చిక గోధుమ రంగులో ఎండిపోయి కనిపించిన ఫొటోలు దేశమంతా చూసింది. మంచు జనవరి ఆఖరుకు గానీ రాలేదు. 2025 ఫిబ్రవరి ఆఖర్లో గుల్‌మర్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్ని మంచు చాలక వాయిదా వేసి మార్చిలో జరిపారు. జాతీయ స్థాయి పోటీలకే ఆ పరిస్థితి ఉంటే, ఆరు నెలల ముందు టికెట్లు కొనుక్కున్న మిర్యాలగూడ కుటుంబం సంగతి చెప్పేదేముంది?

అందుకని ఎత్తు చూసి చోటు ఎంచుకోవాలి. మనాలీ వైపు వెళ్తే సోలాంగ్‌లో మంచు లేని రోజు అటల్ సొరంగం దాటి సిస్సు పోవచ్చు. 2020 అక్టోబరు 3న తెరిచిన ఆ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. అది లేని రోజుల్లో చలికాలమంతా లాహౌల్ లోయకు రోడ్డు దారే ఉండేది కాదు, ఇప్పుడు అవతలి వైపు 3,100 మీటర్ల ఎత్తులోకి కారులో చేరిపోతున్నాం. కానీ కొత్త మంచు పడిన రోజు ఆ దారి పట్టొద్దు. 2024 డిసెంబరులో సోలాంగ్, సొరంగం మధ్య వెయ్యి దాకా వాహనాలు చిక్కుకుపోయాయి. పసిపిల్లలతో అట్లా రాత్రిపూట బండిలో ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి. వెళ్లాల్సి వస్తే మధ్యాహ్నానికల్లా వెనక్కి తిరగాలి. నీళ్లు, పాలు, డైపర్లు, రెండు దుప్పట్లు బండిలో ఉండాల్సిందే.

నా ఓటు మాత్రం గుల్‌మర్గ్‌కే. 1927లో బ్రిటిష్ సైనికాధికారులు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియాను పెట్టింది అక్కడే. కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ ఉన్నదీ అక్కడే. 2,650 మీటర్ల ఎత్తులో ఉన్న పచ్చిక గిన్నె చుట్టూ చిన్నపిల్లలు నేర్చుకోవడానికి మెత్తటి వాలులు ఉన్నాయి, తాడు పట్టుకుని పైకెక్కే లిఫ్టులు ఉన్నాయి. గొండోలా అనే కేబుల్ కారు మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో మొదలయ్యాయి. మొదటి దశ మీద కొంగ్‌డోరి దాకా పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. రెండో దశ అఫర్వాట్ కొండ మీదికి, దాదాపు 4,000 మీటర్లకు తీసుకుపోతుంది. మన మైదానం నుంచి వచ్చి ఒకటి రెండు రోజులైనా కాని పసివాళ్లను అంత ఎత్తుకు ఎక్కించడం తప్పు. తల నొస్తోందని పెద్దవాళ్లు చెప్పగలరు. మూడేళ్లవాడు చెప్పలేడు. చిరాకు పడతాడు, తిననంటాడు, వాంతి చేసుకుంటాడు, మనం ప్రయాణం బడలిక అనుకుంటాం. ఆ లక్షణాలు కనిపిస్తే మందు వెతకడం కాదు, వెంటనే కిందికి దిగాలి.

శ్రీనగర్ నుంచి గుల్‌మర్గ్ 50 కిలోమీటర్లు. చివరి 13 కిలోమీటర్లు, తంగ్‌మర్గ్ నుంచి, మంచు పడినప్పుడు చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లనే పంపుతారు. గొండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో పర్యాటకుల మీద జరిగిన ఉగ్రదాడి తర్వాత కశ్మీర్ పేరెత్తితే ఇళ్లల్లో పెద్దవాళ్లు గుండె పట్టుకుంటున్నారు. ఆ దాడిలో చనిపోయినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయడానికి ఎవరికీ నోరు రాదు. వెళ్లే ముందు ఏ ప్రాంతాలు తెరిచి ఉన్నాయో అధికారుల ప్రకటనలు చూసుకుని, గుంపంతా ఒప్పుకుంటేనే అడుగేయాలి. ఒక్క ఇల్లు వద్దన్నా మనాలీకి మళ్లాలి.

ఉత్తరాఖండ్‌లోని ఔలి అందమైన వాలే. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన చోటు. అయితే రిషికేశ్ నుంచి జోషిమఠ్‌కు దాదాపు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు అక్కణ్నుంచి పైకి వెళ్లే రోప్‌వే ఆపేశారు. చిన్నపిల్లల గుంపుతో నేనైతే సలహా ఇవ్వను.

ఉమ్మడి కాపురం ఐదు రోజులు

నలుగురు కలిసి పోవడంలో అసలైన లాభం ఖర్చు తగ్గడం కాదు. పెద్దవాళ్లకు వంతులు కుదరడం. ఒంటరిగా వెళ్లిన దంపతులు పొద్దస్తమానం పిల్లల వెంట పరిగెత్తడానికే సరిపోతారు. ఎనిమిదిమంది పెద్దలుంటే ఇద్దరు వాలు మీద, ఇద్దరు చిన్నవాళ్లతో గదిలో, ఇద్దరు వంట దగ్గర, ఇద్దరు ఊరికే కూర్చుని కొండ చూస్తూ టీ తాగొచ్చు. ఆ ఊరికే కూర్చునే ఇద్దరి వంతు ఎగ్గొట్టొద్దు. ఏ కుటుంబంలోనైనా ఆడవాళ్లకు ఆ వంతు ఆఖర్న వస్తుంది, కొన్నిసార్లు అసలు రాదు. మనాలీ దాకా వచ్చి కూడా వదినలు, చెల్లెళ్లు నాలుగు పూటలా పొయ్యి దగ్గరే ఉంటే ఆ సెలవు ఎవరికి ఇచ్చినట్టు? మా గుంపులో మధ్యాహ్నం వంట మగవాళ్లదని మొదటి రాత్రే తేల్చేశారు. మొదటి రోజు అన్నం పలుకైంది. ఎత్తు ప్రదేశంలో గాలి ఒత్తిడి తక్కువ కదా, గుల్‌మర్గ్ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో ఎంతసేపు ఉడికించినా కందిపప్పు మెదగదు. కుక్కర్ తెచ్చుకోమని చెప్పేది అందుకే. ఇడ్లీ పిండి ఆ చలికి పులియదు, ఆశ పెట్టుకోవద్దు. ఉప్మా రవ్వ, అటుకులు, కారప్పొడి, పచ్చడి, సకినాలు ఉంటే పొద్దు గడిచిపోతుంది. ముందే చెప్తే వంటగది వాడుకోనిచ్చే హోమ్‌స్టేలు రెండు చోట్లా ఉన్నాయి.

డబ్బు సంగతి బయల్దేరకముందే మాట్లాడుకోవాలి. రైసుమిల్లు ఉన్న అన్నకూ, బళ్లో పాఠాలు చెప్పే తమ్ముడికీ స్తోమత ఒకటి కాదు. ఒకరి పిల్లలు స్నో స్కూటర్ ఎక్కుతుంటే ఇంకొకరి పిల్లలు చూస్తూ నిలబడటం కన్నా, అందరికీ స్కీలు, నేర్పే మనిషి, తిండి, గది ఉమ్మడి ఖాతాలో పెట్టి, మిగతా సరదాలు గుంపులో ఎవరికీ వద్దనుకోవడం మేలు. పిల్లలకు ఆ తేడా మనం అనుకున్నదానికన్నా తొందరగా తెలుస్తుంది.

ఇక కాపలా. పదిమంది పెద్దలున్నచోట పిల్లల్ని ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. గంటకు ఒకరు చొప్పున పేరు పెట్టి అప్పగించాలి. ఆ గంటలో ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. మంచు కన్నా భయపడాల్సింది బియాస్ నదికి. 2014 జూన్ 8న మండి దగ్గర లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలితే, ఫొటోల కోసం నది రాళ్ల మీదికి దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ ఇళ్లల్లో చీకటి ఇప్పటికీ తొలగలేదు. చలికాలంలో నది సన్నగా, రాళ్ల మధ్య ముద్దుగా పారుతూ పిల్లల్ని పిలుస్తుంది. రోడ్డు దిగి నది ఒడ్డుకు పోవద్దని గుంపంతా ఒక మాట మీద ఉండాలి.

ఇంకొకటి మంచులో కాదు, గదిలో ఉండే ప్రమాదం. చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపులు, కిటికీలు బిగించి పడుకోవడం. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఉత్తరాదిన ప్రతి చలికాలం ఇట్లా కుటుంబాలకు కుటుంబాలు పోతున్నాయి. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ కూడా అంతే. రాత్రి పడుకునే ముందు ఒకరు అన్ని గదులూ తిరిగి కుంపట్లు బయట పెట్టించారా లేదా చూడాలి. కరెంటు హీటరో, వేడినీళ్ల సంచో, మూడు రజాయిలో చాలు.

బట్టల విషయంలో చిన్న మాట. మన నూలు బనియన్లు, జీన్సు ప్యాంట్లు చెమటకో మంచుకో తడిస్తే ఆరవు, తడి ఆరేదాకా ఒళ్లు చల్లబడుతూనే ఉంటుంది. లోపల ఉన్ని లేదా పాలిస్టర్, మధ్యలో స్వెట్టర్, పైన నీళ్లు దిగని కోటు. చిన్నవాళ్లకు వేళ్లు విడివిడిగా ఉండే తొడుగు కన్నా నాలుగు వేళ్లూ కలిసి ఉండే తొడుగు వెచ్చగా ఉంటుంది. నల్లద్దాలు ఫ్యాషన్ కోసం కాదు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, కళ్లు మండుతాయి, చెంపలు కమిలిపోతాయి.

తాహో పోయే మనవలు

కోదాడ, సూర్యాపేట నుంచి అమెరికా పోయి స్థిరపడిన ఇళ్లల్లో ఈ ప్రయాణం కొత్త కాదు. కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లకు చలికాలపు లాంగ్ వీకెండ్ అంటే లేక్ తాహో. నాలుగైదు కుటుంబాలు కలిసి పెద్ద క్యాబిన్ అద్దెకు తీసుకుంటారు. డానర్ కనుమ దగ్గర మంచు ఎక్కువైతే చక్రాలకు గొలుసులు లేని బండ్లను ఆపేస్తారు కాబట్టి అవి డిక్కీలో ఉండాల్సిందే. 1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన పాలిసేడ్స్ తాహో వాలు మీద ఇవాళ మన పిల్లలు పాఠాలు నేర్చుకుంటున్నారు. న్యూజెర్సీ వాళ్లకు పోకోనోస్ కొండలు, డాలస్ వాళ్లకు కొలరాడో. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు 2005లో తెరిచిన స్కీ దుబాయ్. బయట ఎడారి, లోపల 400 మీటర్ల మంచువాలు.

అక్కడ మనం నేర్చుకోదగ్గది ఒకటుంది. స్కీ స్కూల్. పొద్దున పిల్లల్ని అప్పగిస్తే సాయంత్రం దాకా వాళ్లదే బాధ్యత, మధ్యాహ్నం భోజనంతో సహా. మూడు నాలుగేళ్లవాళ్లకు ఆగడం నేర్పడానికి 'పిజ్జా' అంటారు, నేరుగా పోవడానికి 'ఫ్రెంచ్ ఫ్రైస్' అంటారు. చిన్నవాళ్లు పైకెక్కలేరని నెమ్మదిగా కదిలే బెల్టు మీద నిలబెట్టి తీసుకుపోతారు. పిల్లల వయసును బట్టి, నేర్చినదాన్ని బట్టి జట్లు. సోలాంగ్‌లో, గుల్‌మర్గ్‌లో నేర్పే కుర్రాళ్లకు నైపుణ్యం తక్కువేమీ కాదు. బీజింగ్ 2022 శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ గుల్‌మర్గ్‌లో తండ్రి నడిపిన స్కీ దుకాణం నుంచి వచ్చినవాడు, నాలుగేళ్లకే స్కీలెక్కాడు. స్కీయింగ్‌లో భారత్‌కు తొలి అంతర్జాతీయ పతకం 2018లో తెచ్చిన ఆంచల్ ఠాకూర్ మనాలీ అమ్మాయి. ఉన్న మనుషులతో పసిపిల్లల కోసం ఒక పద్ధతి ప్రకారం పూట పూటా బడి నడిపేవాళ్లు పెరిగితే మన నాలుగిళ్ల గుంపులకు అదే పెద్ద సాయం. అప్పటిదాకా గుంపే ఆ పని చేయాలి. ఒకే కోచ్‌ను మూడు రోజులకూ కుదుర్చుకుని, అవే పిల్లల్ని అతని దగ్గరికే పంపాలి.

మనవల్ని చూడ్డానికి వెళ్లి క్యాబిన్‌లో నాలుగు రోజులు గడిపి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలకు చెప్పేదొకటే. మంచు మీద జారి తుంటి విరిగితే అక్కడి ఆస్పత్రి ఖర్చు మామూలుగా ఉండదు. విజిటర్ ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్ లాంటివాటికి మినహాయింపు ఉందేమో అల్లుడితోనో కొడుకుతోనో ముందే చదివించుకోండి.

భువనగిరి గుట్ట నుంచి

"మనోళ్లకు సలి పడదు, మంచు పడదు" అన్న మాట ఇంకా వింటూనే ఉన్నాం. నల్లగొండ ఉమ్మడి జిల్లా వాళ్లం ఆ మాట అనకూడదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్లు మొదట తాడు పట్టింది మన భువనగిరి గుట్ట మీద, కోచ్ శేఖర్ బాబు దగ్గర. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, లదాఖ్ చలిలో సాధన. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, టిబెట్ వైపు నుంచి పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. 2022లో ఏడు ఖండాల్లో ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తి చేసింది. వాళ్లను అక్కడికి చేర్చింది క్రమంగా పెంచుతూ పోయిన శిక్షణ, వెనక నిలబడిన వ్యవస్థ. అప్పటి గురుకులాల కార్యదర్శి ప్రవీణ్ కుమార్ ఆ పిల్లల మీద పెట్టిన నమ్మకానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

స్కీయింగ్‌కూ అదే దారి వేయొచ్చు. మనాలీలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరు మీద ఉన్న పర్వతారోహణ సంస్థ, గుల్‌మర్గ్‌లోని కేంద్ర సంస్థ చలికాలంలో స్కీ కోర్సులు నడుపుతాయి. డబ్బున్న ఇళ్ల పిల్లలు ఎట్లాగూ వెళ్తారు. నాట్లు వేసే కూలీల పిల్లలు చదివే గురుకులాల నుంచి ఏటా ఒక జట్టును ఆ కోర్సులకు పంపితే ఎంత బాగుంటుంది! ఎవరెస్టుకు పంపిన రాష్ట్రానికి ఇది భారం కాదు.

వచ్చే సంక్రాంతికి వెళ్లాలనుకునే కుటుంబాలు మాత్రం టికెట్ల కన్నా ముందు పిల్లల కాళ్ల సంగతి చూడాలి. స్కీలు కట్టిన రోజున ముందు అలిసిపోయేవి తొడలు. దసరా అయినప్పటి నుంచి వారానికోసారి ఎక్కడైనా గుట్ట ఎక్కించండి. చిట్యాల మీదుగా భువనగిరి పోతే ఆదివారం పొద్దున్నే కోట మెట్లెక్కి మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. నాలుగిళ్ల పిల్లలూ కలిసే ఎక్కాలి. ఎవరు ముందు ఉరుకుతారు, ఎవరు సగంలో కూర్చుంటారు, ఎవరు చిన్నవాళ్ల చెయ్యి పట్టుకుంటారు అన్నది అక్కడే తెలిసిపోతుంది. స్కీ కోచ్ దగ్గర జట్లు కట్టేటప్పుడు ఆ లెక్కే పనికొస్తుంది.